మీకు తెలుసా? షాహీ ద్రాక్ష మన ఊరిదే!

చిక్కడపల్లి బండ్ల మీద ఇప్పుడు గింజలేని ద్రాక్షదే రాజ్యం. ఒకప్పుడు హైదరాబాద్ ద్రాక్షంటే అనాబ్-ఎ-షాహీ. కోలగా ఉండే కాయ, పండితే తేనెరంగు, కొరికితే పంటికింద గింజలు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో అబ్దుల్ బాకర్ ఖాన్ ఈ రకాన్ని నగరానికి పరిచయం చేశారు. ‘అనాబ్’ అంటే ద్రాక్ష, ‘షాహీ’ అంటే రాజుగారిది.

మనది ఉష్ణమండలం కాబట్టి మన తీగకు ఏటా రెండు కత్తిరింపులు: వేసవిలో కొమ్మ కోసం, అక్టోబరులో కాపు కోసం.

మెక్సికోలోని టెకిస్కియాపాన్, బెర్నాల్ వైన్ ఊళ్లూ ఉష్ణమండలంలోవే. కాకపోతే అవి దాదాపు 1,900 మీటర్ల ఎత్తునో, ఆపైనో ఉంటాయి. రాత్రి చలికి పండులో పులుపు నిలుస్తుంది, వైన్‌కు కావలసింది అదే. మనమున్నది 540 మీటర్ల దగ్గర, మనది తినే ద్రాక్ష!

ఫిబ్రవరి, మార్చిల్లో శివారు తోటల్లో అనాబ్ కనిపిస్తే వదలకండి.