పర్లాకిమిడి పంతులుగారి సవర పాఠం

ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం అయిన నాటినుంచి, ఆ వారం వెలువడే ఆదివారం సంచికలకు గిడుగు వెంకట రామమూర్తి తలపాగా ముఖచిత్రం కావటం కూడా ఆనవాయితీ అయింది. అయితే ఆ ముఖచిత్రాలలో కనిపించేది రాతలోనూ వాడుక తెలుగే ఉండాలని పండితులతో తలపడిన వ్యావహారిక భాషోద్యమ నాయకుడే తప్ప, మూడు దశాబ్దాలపాటు ఒక జమీందారీ పట్టణంలో బడిపిల్లలకు చరిత్ర చెప్పిన ఉపాధ్యాయుడు కాదు. ఆ ఉపాధ్యాయుణ్ణి చూడాలంటే వాదగ్రంథాలను కాసేపు పక్కన పెట్టి, 1931లో మద్రాసులో అచ్చయిన ఆయన సవర భాషా వ్యాకరణాన్ని తెరవవలసి ఉంటుంది.

నేపథ్యాన్ని ఒక్క గుక్కలో చెప్పవచ్చు: 1863లో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టి, విజయనగరం మహారాజావారి పాఠశాలలో గురజాడ అప్పారావుకు సహాధ్యాయిగా చదివి, 1880లో నెలకు 30 రూపాయల జీతం మీద పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో చేరి, కొలువు చేసుకుంటూనే ప్రైవేటుగా బి.ఏ. ముగించి, 1911లో ఉద్యోగం విరమించారు. పర్లాకిమిడి అప్పట్లో మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో, సవర గిరిజనుల కొండల అంచున ఉండేది. ఆ కొండల మనుషుల మాట పట్టణంలో చాలామందికి వినిపించేదే గాని, దాన్ని నేర్చుకోదగిన భాషగా లెక్కపెట్టినవారు అరుదు.

రామమూర్తి లెక్కపెట్టారు. తెలుగు తెలిసిన సవరలను ఇంట ఉంచుకొని, వారు పలికినదాన్ని రాసుకుంటూ, ఆ భాషను ఏళ్ల తరబడి సాధన చేశారు. సవర ద్రావిడ భాష కాదు. సంతాలీ, ముండారీ వంటి భాషలతో పాటు ముండా కుటుంబానికి చెందినది కనుక, తెలుగు తెలిసిన చెవి అందులో అడుగడుగునా మోసపోతుంది. ఉదాహరణకు అందులో కంఠస్పర్శం అనే ధ్వని ఉంది. వద్దనటానికి పెదవి విప్పకుండా ‘ఊఁ ఊఁ’ అన్నప్పుడు ఆ రెండింటి నడుమ గొంతు క్షణకాలం మూసుకోవటమే అది. తెలుగులో దానికి అక్షరం లేదు, సవరలో అది లేకపోతే మాట నిలవదు.

అంతకంటే విలువైనది వాక్యనిర్మాణం. సవరలో చాలా నామాలకు రెండు రూపాలుంటాయి: విడిగా వాడే నిండు రూపం ఒకటి, క్రియకు అతికే కురచ రూపం మరొకటి. ‘కినా’ అంటే పులి, దాని కురచ రూపం ‘కిడ్’. ‘ఞమ్’ అంటే పట్టటం. ‘ఞమ్‌కిడ్‌తమ్’ అనే ఒక్క మాటకు ‘పులి నిన్ను పట్టుకుంటుంది’ అని అర్థం. అందులో పట్టటం, పులి, జరగబోయే కాలం, నువ్వు అన్నీ వరుసగా ఒదిగి ఉన్నాయి. నామం ఇలా క్రియలో కలిసిపోవటాన్ని నామవిలీనం అంటారు. తెలుగులో ‘నీరాడు’ అన్నప్పుడు నీరు క్రియకు ముందు చేరటం దీనికి దూరపు పోలిక కావచ్చు గాని, పనిచేసే కర్తే, అంటే ఇక్కడ పులే, క్రియ కడుపులోకి వెళ్లటం ప్రపంచ భాషల్లోనే అరుదైన సంగతి. అందుకే ఈ విషయం మీద చర్చించే భాషాశాస్త్రజ్ఞులు నేటికీ ఈ బడిపంతులు వ్యాకరణాన్ని ఉదాహరిస్తూనే ఉన్నారు.

లెక్కల పద్ధతీ అంతే విచిత్రం. సవర పన్నెండును ఒక మెట్టుగా, ఇరవైని మరో మెట్టుగా తీసుకుంటుంది: పదమూడు అంటే పన్నెండూ ఒకటీ, తొంభైమూడు అంటే నాలుగు ఇరవైలూ పన్నెండూ ఒకటీ. ఇది తెలియని అయ్యవారు సవర పిల్లవాడికి పదుల లెక్క చెప్పి, రాలేదని బెత్తం తీస్తే తప్పెవరిదో వేరే చెప్పనక్కరలేదు.

రామమూర్తి చేసిన పని ఆ తప్పును సరిదిద్దటమే. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని వాచకాలు, పాటలు, కథల పుస్తకాలు తయారుచేశారు. సొంత ఖర్చుతో బడులు పెట్టి, ఉపాధ్యాయుల జీతాలూ తానే భరించారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వజూపినప్పుడు, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టమని కోరారు.

ఇక్కడ ఒక ఊహకు చోటుంది. అప్పట్లో సవరకు కావ్యాలు లేవు, నిఘంటువు లేదు, చిన్నయసూరి వంటి వ్యాకరణకర్త లేడు; జనం ఎలా పలికితే అదే ప్రమాణం. అలాంటి భాషను ఏళ్లపాటు విని రాసుకున్న మనిషి, తెలుగు తరగతి గదికి తిరిగి వచ్చి, పిల్లలు మాట్లాడే తెలుగు ఎందుకు తప్పు కావాలని అడగటంలో ఆశ్చర్యం లేదు. వ్యావహారికోద్యమానికి బడుల తనిఖీ అధికారి యేట్స్ దొర వాడుక తెలుగు గురించి వేసిన ప్రశ్నలే నాంది అని చెప్పటం వాడుక. నాంది ఎవరిదైనా, నేల మాత్రం సవర కొండలలో తయారైనట్టు తోస్తుంది.

మిగిలిన సంగతులు: ముఖలింగం శాసనాల మీది ఆసక్తితో పాత లిపులు నేర్చుకొన్న రామమూర్తి, గంగవంశపు రాజు వజ్రహస్తుని నడగాం తామ్రశాసనాలను ‘ఎపిగ్రాఫియా ఇండికా’ నాలుగవ సంపుటంలో పరిష్కరించారు, అవి శకం 979 నాటివి. 1919లో ‘తెలుగు’ అనే పత్రిక మొదలుపెట్టారు. ఆయనకు కైజర్-ఇ-హింద్ పతకం వచ్చింది. ఆయన కుమారుడు గిడుగు వెంకట సీతాపతి కూడా సవర భాషలో కృషి చేశారు.

కొండలలో తిరగటం వల్ల పట్టుకొన్న మన్యపు జ్వరానికి వాడిన క్వినైన్ ఆయన వినికిడిని దెబ్బతీసింది. గొంతులో క్షణకాలం పడే మూతను కూడా పట్టి రాసిన మనిషికి చెవుడు జీవితాంతం మిగిలింది. 1936 ఏప్రిల్ 1న కొత్తగా ఏర్పడిన ఒరిస్సా రాష్ట్రంలో పర్లాకిమిడి చేరటంతో, అర్ధశతాబ్దికి పైగా బతికిన ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. ఆయన సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో మద్రాసులో అచ్చయింది. అప్పటికి ఆయనకు డెబ్భైఅయిదేళ్లు, సవర వినిపించే కొండలు చాలా దూరం.