సగటు వానను నమ్మి విత్తవచ్చునా?

"మన మండలములో జూను సగటు వర్షము ఇంత" అను మాట రైతు సోదరులకు, గ్రామాధికారులకు పరిచితమే. రాయలసీమ మెట్టపొలములలో ఆ మాటనే నమ్మి వేరుశనగ విత్తిన పిమ్మట పదును చాలకపోయినచో విత్తనపు ఖర్చు, దుక్కి ఖర్చు రెండును నష్టమగును. కావున సగటును వాడుకొనుటకు ముందు దాని వెనుకనున్న అంకెలను చూడవలెను.

ఒకచోట 10 సంవత్సరముల జూను వర్షమును తక్కువనుండి ఎక్కువకు పేర్చగా ఇట్లున్నదనుకొందము. ఇవి లెక్క తెలియుటకై ఊహించిన అంకెలు. 20, 28, 33, 36, 40, 44, 48, 55, 76, 220 మి.మీ.

మొత్తము 600, సగటు 60. కాని 10 ఏండ్లలో 8 ఏండ్లు వాన సగటు కంటె తక్కువే! ఒక్క ఏటి 220 మి.మీ. వాన సగటును పైకి లాగినది. నడిమి అంకెలైన 40, 44ల సగటు 42. దీనిని మధ్యగతము అందురు.

అంకెలు నడుమ గుమిగూడి, ఇరువైపుల సమానముగా తగ్గుచు గంట ఆకారములో నున్నచో దానిని సామాన్య విభాజనము అందురు. అందు సగటు, మధ్యగతము ఒక్కటే. అప్పుడు సగటును నమ్మవచ్చును. అట్లు లేనిచో తేడాను తెలుపు కొలతలు రెండు గలవు.

వైషమ్యము: అంకెలు ఒకవైపు ఒరిగినవా అని ఇది తెలుపును. సామాన్య విభాజనములో ఇది సున్న. కుడివైపు, అనగా పెద్ద అంకెల వైపు, తోక సాగినచో ధనాత్మకము. ఎడమవైపు సాగినచో ఋణాత్మకము. పై అంకెలకు ఇది సుమారు 2.3.

కకుదత్వము: కకుదమనగా ఎద్దు మూపురము. పేరు మూపురముదైనను, ఈ కొలత ముఖ్యముగా తోకల బరువును తెలుపును. సామాన్య విభాజనములో ఇది 3. అంతకు మించినచో అసాధారణమైన ఏండ్లు అనుకొన్నదానికంటె ఎక్కువగా రాగలవని భావము. పై అంకెలకు ఇది సుమారు 7.

1965లో షాపిరో, విల్క్ అనువారు ప్రకటించిన పరీక్షను నేడు కంప్యూటరుపై క్షణములో చేయవచ్చును. అందు వచ్చు సంభావ్యత 0.05 కంటె తక్కువైనచో అంకెలు సామాన్య విభాజనమునకు చెందినవి కావని తలచుట వాడుక. అయితే కొద్ది ఏండ్ల అంకెలు పరీక్ష నెగ్గినంత మాత్రమున అవి సామాన్యమని రుజువు కాదు. అంకెలు తక్కువైనచో లోపము బయటపడదు. 30 ఏండ్ల లెక్క ఉన్న మేలు.

చేయవలసిన పనులు:

1. పెద్ద అంకె కనబడినచో రిజిస్టరుతో సరిచూడుడు. వ్రాతలో తప్పైనచో దిద్దుడు. నిజమైన వాన యైనచో కొట్టివేయరాదు.

2. సగటుతోపాటు మధ్యగతమును కూడ వ్రాయుడు.

3. ఎక్కువ ఏండ్లలో దక్కిన వానను లెక్కించుడు. పై అంకెలలో 10 ఏండ్లకు 8 ఏండ్లు 33 మి.మీ. లేక అంతకు మించి కురిసినది.

విత్తనము కొనునపుడు రైతు ఆధారపడవలసినది ఈ 33 మీదనే గాని 60 మీద కాదు. విత్తునపుడు మాత్రము లెక్కతోపాటు నేలలోని పదునును గూడ చూచుకొనవలెను.