నీటిలో ఈదే బండికి ఎలాంటి గేర్లు కావాలి?

2021 నవంబరు 19వ తేదీన అనంతపురం జిల్లా చెన్నేకొత్తపల్లి మండలంలో చిత్రావతి నది పొంగి ప్రవహించింది. ఆ ప్రవాహంలో ఒక కారు చిక్కుకుంది. అందులోని వారిని కాపాడడానికి ఒక జేసీబీ యంత్రం ఏటిలోకి దిగింది. టన్నుల బరువున్న ఆ యంత్రం కూడా నడి ఏటిలో నిలిచిపోయింది. చివరకు భారత వైమానిక దళానికి చెందిన ఎంఐ-17 హెలికాప్టరు వచ్చి, పదిమందిని ఒడ్డుకు చేర్చింది.

అదే వారంలో తిరుపతి వీధులు కాలువలయ్యాయి. స్వర్ణముఖి పొంగింది. రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్టకు ప్రమాదం ఏర్పడగా, కింది పల్లెల ప్రజలను ముందుగానే ఖాళీ చేయించారు. ఇలాంటి వార్తలు విన్నప్పుడల్లా విద్యార్థులు ఒక ప్రశ్న అడుగుతారు. "నేల మీదా, నీటి మీదా నడిచే బండ్లు ఉన్నాయి గదా సార్! మన జిల్లాకు ఒకటి తెప్పిస్తే సరిపోదా?"

మంచి ప్రశ్నే. కాని ఎలాంటి బండి? బురదలో దిగబడనిదా? నీటిలో వేగంగా ఈదేదా? దాని గేర్లు ఎలా ఉండాలి? బండిని ఎన్నుకోవడమంటే దాని రంగును, పరిమాణాన్ని చూడడం కాదు. ఇంజను బలం చక్రాలకు ఏ దారిన చేరుతుందో చూడడం. అదేమిటో తెలుసుకుందాం.

తేలడం

కప్పలాగా నేల మీదా, నీటిలోనూ సంచరించే వాటిని ఉభయచరాలంటామని మీరు జీవశాస్త్రంలో చదివారు. ఈ బండ్లను కూడా ఉభయచర వాహనాలనే అంటారు.

ఇవి తేలడానికి కారణం ఆర్కిమిడిస్ సూత్రమే. వస్తువు తన బరువుకు సమానమైన నీటిని తొలగించగలిగితే తేలుతుంది. ఒక ఉదాహరణ చూడండి. షెర్ప్ అనే వాహనం నమూనాలో తయారైన 'ఏటార్ ఎన్ 1200' బండ్లు మన సైన్యం దగ్గర ఉన్నాయి. 2025 ఆగస్టులో పంజాబులోని అమృత్‌సర్ ప్రాంతంలో వరదలు వచ్చినప్పుడు వాటిని సహాయ కార్యక్రమాలలో వాడారు. బండి బరువు సుమారు 2.4 టన్నులు. మోసే బరువు 1.2 టన్నులు. మొత్తం 3.6 టన్నులు. అంటే అది తేలడానికి 3.6 ఘనపు మీటర్ల నీటిని తొలగించాలి.

దీని టైర్లు మనిషి ఎత్తు ఉంటాయి. వ్యాసం 1.8 మీటర్లు, వెడల్పు 0.6 మీటరు. ఒక్కొక్క టైరును స్థూపంగా భావించి లెక్క కట్టండి. సుమారు 1.5 ఘనపు మీటర్లు వస్తుంది. నడుమ రిమ్ము భాగాన్ని తీసివేసినా, నాలుగు టైర్లకు 5 ఘనపు మీటర్ల పైనే. చూశారా! ఆ టైర్లే నాలుగు తెప్పలన్నమాట.

టైర్లు లేకుండా, ఇనుప పట్టాల మీద నడుస్తూ తేలే వాహనాలూ ఉన్నాయి. తెలంగాణలోని సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో 1984లో నెలకొల్పిన రక్షణ కర్మాగారంలో 'శరత్' అనే పోరాట వాహనం తయారైంది. ఇది రష్యా నమూనా బీఎంపీ-2కు మన దేశపు రూపం. బరువు సుమారు 14 టన్నులు. దాని ఇనుప పెట్టె పొడవు వెడల్పులను గుణించి, 14 ఘనపు మీటర్లను దానితో భాగిస్తే, అది మీటరుకు కాస్త అటూ ఇటుగా మునిగి తేలుతుందని మీకే తెలుస్తుంది.

దిగబడకపోవడం

తేలడం కంటే కష్టమైనది ఒడ్డెక్కడం. చెరువు అంచున నీరూ ఉండదు, గట్టి నేలా ఉండదు, బురద ఉంటుంది. అక్కడ లెక్కలోకి వచ్చేది బరువు కాదు, పీడనం.

60 కిలోల మనిషి నడిచేటప్పుడు ఒక పాదం మీద నిలుస్తాడు. పాదం వైశాల్యం 150 చదరపు సెంటీమీటర్లనుకుంటే, పీడనం చదరపు సెంటీమీటరుకు 0.4 కిలో. మెత్తని టైరు నేలపై కలిగించే పీడనం ఇంచుమించు దానిలోని గాలి పీడనమంతే ఉంటుంది. జీపు టైరులో అది సుమారు 2 కిలోలు. శరత్ పట్టాల కింద సుమారు 0.6 కిలో. ఉభయచర బండ్ల బెలూన్ టైర్లలో 0.2 లేక 0.3 కిలో మాత్రమే. అంటే మీ కాలు దిగబడే బురదలో ఆ బండి దిగబడదు!

1942లో అమెరికాలో తయారైన 'డక్' అనే ఆరు చక్రాల ఉభయచర లారీలో, డ్రైవరు తన సీటులో కూర్చునే టైర్లలోని గాలిని తగ్గించి, పెంచే ఏర్పాటు చేశారు. ఇసుకలో గాలి తగ్గించాలి. రోడ్డెక్కగానే పెంచాలి. ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక తిన్నెలాగా ఉండే మన స్వర్ణముఖికి ఈ పాఠం బాగా పనికి వస్తుంది.

లాగుడు బలం ఎంత కావాలి?

ఇప్పుడు గేర్ల సంగతి. సామర్థ్యం అంటే బలాన్ని వేగంతో గుణించగా వచ్చేది. ఏటార్ ఇంజను సుమారు 55 అశ్వశక్తి, అంటే 40 కిలోవాట్లు. గంటకు 40 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 11 మీటర్లు. ఆ వేగంలో లాగుడు బలం 40,000ను 11తో భాగిస్తే వస్తుంది: సుమారు 3,600 న్యూటన్లు. గేరు మార్చి వేగాన్ని పదో వంతుకు, అంటే గంటకు 4 కిలోమీటర్లకు తగ్గిస్తే? ఘర్షణలో పోయేదాన్ని వదిలేస్తే, బలం పదింతలై 36,000 న్యూటన్లు అవుతుంది. 3.6 టన్నుల బండి బరువు కూడా ఇంచుమించు అంతే! ఇంతకంటే బలం పెంచినా చక్రం జారుతుందే తప్ప బండి ముందుకు పోదు. కనుక ఇలాంటి బండి కొనేటప్పుడు "ఎంత వేగం పోతుంది?" అని కాదు, "ఎంత నెమ్మదిగా పోగలదు?" అని అడగాలి.

చిన్న ఉభయచర బండ్లు చాలావాటిలో గేర్లు లేని స్కూటరులో మాదిరే రెండు కప్పీలు, ఒక బెల్టు ఉంటాయి. మన దేశంలో 1984లో వచ్చిన కైనెటిక్ హోండా స్కూటరుతో ఈ ఏర్పాటు అందరికీ పరిచయమైంది. వేగాన్ని బట్టి కప్పీలు వాటంతటవే విచ్చుకుంటాయి, ముడుచుకుంటాయి. నడపడం సులువు. కాని బెల్టు తడిస్తే జారుతుంది. నీటిలో దిగే బండికి బెల్టు పెట్టె నీరు చొరకుండా మూసి ఉన్నదా లేదా అన్నది మొదట చూడాలి.

మలుపు తిరగడంలోనే ఉంది చిక్కు

ఈ బండ్లలో చాలావాటికి ముందు చక్రాలు కారులోలాగా పక్కకు తిరగవు. ఒక పక్క చక్రాలన్నిటినీ సైకిలు గొలుసు వంటి గొలుసులతో జోడిస్తారు. కుడి పక్క ఒక వేగంతో, ఎడమ పక్క మరొక వేగంతో తిరిగితే బండి మలుపు తిరుగుతుంది. కెనడాలో 1967 నుంచి ఆర్గో అనే ఉభయచర బండ్లను తయారు చేస్తున్నది మొదట గేర్లు తయారు చేసిన సంస్థ కావడంలో వింత ఏమీ లేదు.

దీని సూత్రం మీరు ఊళ్ళో చూసే ఉంటారు. వరిమడిని దమ్ము చేసే ట్రాక్టరుకు రెండు బ్రేకు పెడళ్ళు ఉంటాయి. ఎడమ పెడలు తొక్కితే ఎడమ పెద్ద చక్రం ఆగుతుంది, ట్రాక్టరు ఎడమకు గిర్రున తిరుగుతుంది. రోడ్డెక్కినప్పుడు రెండింటినీ కలిపి బిగిస్తారు. ఈ పని చేయడానికి నాలుగు పద్ధతులున్నాయి.

ఒకటి, క్లచ్-బ్రేకు పద్ధతి. తిరగవలసిన పక్కకు ఇంజను బలాన్ని తెంచి, బ్రేకు వేస్తారు. చౌక, సులువు. కాని వాలు దిగేటప్పుడు ఒక ప్రమాదం ఉంది. అప్పుడు ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. ఎడమ పక్కను వదిలిపెడితే, ఆ పక్క మరింత వేగంగా దొర్లి, బండి కుడికి తిరుగుతుంది! మన కొండ దారులకు ఇది తగదు.

రెండు, డిఫరెన్షియల్ పద్ధతి. ఒక పక్క బ్రేకు వేస్తే రెండవ పక్క వేగం పుంజుకుంటుంది. బలం తెగిపోదు. కాని బ్రేకులు వేడెక్కుతాయి. పైగా డిఫరెన్షియల్‌కు ఒక బలహీనత ఉంది. ఒక పక్క బురదలో జారితే, తిరగడమంతా ఆ పక్కకే పోతుంది. గట్టి నేల మీది పక్క కదలదు. బురదలో కూరుకున్న లారీ చక్రం ఒకటే గిర్రున తిరగడం చూశారు గదా! జారే పక్కకు కొద్దిగా బ్రేకు వేస్తే రెండవ పక్కకు బలం అందుతుంది.

మూడు, గ్రహ గేర్ల పద్ధతి. నడుమ సూర్యుడిలా ఒక పళ్ళచక్రం, దాని చుట్టూ గ్రహాల్లా చిన్న పళ్ళచక్రాలు. శరత్‌లో ఐదు గేర్ల పెట్టె తరువాత, రెండు పక్కలా ఇలాంటి అమరిక ఉంటుంది. మలుపులో లోపలి పక్క ఆగదు, నెమ్మదిస్తుంది. రెండు పక్కలకూ బలం అందుతూనే ఉంటుంది. బురదకు ఇది మేలు.

నాలుగు, నూనె పీడనంతో నడిచే పద్ధతి. ఇంజను ఒక పంపును తిప్పుతుంది. పంపు నూనెను నెట్టగా ఒక్కొక్క పక్క ఒక్కొక్క మోటారు తిరుగుతుంది. ఒక పక్క ముందుకు, ఒక పక్క వెనక్కు తిప్పి, నిలుచున్న చోటనే బండిని తిప్పవచ్చు. కాని కొంత శక్తి వేడిగా పోతుంది. ఖరీదెక్కువ. నూనెలో నీరు, బురద కలిస్తే చెడిపోతుంది.

నీటిలో వేగం ఎందుకు తక్కువ?

ఏటార్ నీటిలో గంటకు 6 కిలోమీటర్లు, శరత్ సుమారు 7 కిలోమీటర్లు మాత్రమే పోగలవు. చక్రం కింది సగం నీటిని వెనక్కు నెడుతుంది. పై సగం ముందుకు పోతుంది. చక్రం సగానికి మించి మునిగితే, పై భాగం కూడా నీటిని తోసి, చేసిన పనిని కొంత చెడగొడుతుంది. అందుకే శరత్‌లో పట్టాల పై భాగాన్ని రేకులతో కప్పి ఉంచుతారు. డక్‌కు పడవలాగా పంకా ఉండేది. అది గంటకు సుమారు 10 కిలోమీటర్లు పోయేది.

గంటకు 6 కిలోమీటర్లంటే సెకనుకు 1.67 మీటర్లు. ఏటిలో నీరు సెకనుకు 2 మీటర్ల వేగంతో వస్తుంటే? బండి ముందుకు ఈదుతూనే వెనక్కు కొట్టుకుపోతుంది. ఏ గేరూ దాన్ని కాపాడలేదు.

మనకు ఏది?

పులికాట్ సరస్సు అంచుల్లో నీరు లోతు తక్కువ, బురద ఎక్కువ. పడవ అడుగు తగులుతుంది, జీపు దిగబడుతుంది. అక్కడ ఎనిమిది మెత్తని టైర్ల తేలిక బండి, మూసిన బెల్టు పెట్టె, డిఫరెన్షియల్ చాలు. పక్షులు మేసే నేలను తక్కువగా నలిపేదీ అదే.

చెరువు నీరు చుట్టుముట్టిన పల్లెలో జనాన్ని మోయాలి. బురద కట్టలు ఎక్కి దిగాలి. అక్కడ పెద్ద టైర్లు, మలుపులో కూడా రెండు పక్కలకూ బలం అందించే గేర్లు, వెనక పడవ మోటారు బిగించే వీలు ఉండాలి. మరమ్మతు మన ఊరి మెకానిక్కు చేయగలిగినదైతే మరీ మంచిది.

ఇక చిత్రావతి వంటి ఉరవడికి? ఏ ఉభయచర బండీ తగదు. అక్కడ హెలికాప్టరే దిక్కు. అంతకంటే ముందు, పొంగే ఏటిలోకి ఏ బండినీ దింపకపోవడం. ఏ యంత్రాన్ని ఎక్కడ వాడకూడదో తెలియడం కూడా విజ్ఞానమే.

చేసి చూడండి

1. వాన వెలిశాక, లోతు లేని వీధి కాలువ పక్కన 10 మీటర్లు కొలిచి గుర్తులు పెట్టండి. ఒక ఎండు పుల్లను వేసి, ఎన్ని సెకన్లలో పోతుందో చూడండి. 6 సెకన్లు, అంతకంటే తక్కువ పడితే, ఏటార్ ఆ ప్రవాహానికి ఎదురు ఈదలేదు. పొంగుతున్న వంకల దగ్గరకు మాత్రం పోవద్దు.

2. ఒక అట్టపెట్టెకు ఇరువైపులా రెండు బొమ్మ మోటార్లు, చక్రాలు, విడివిడి స్విచ్చులు అమర్చండి. ఒక స్విచ్చి ఆపితే ఎటు తిరుగుతుంది? ఒక మోటారుకు తీగలు తారుమారు చేస్తే ఏమవుతుంది? అదే బండిని వాలు పలక మీద దించి చూడండి.

3. మీ ఊరి పటం గీయండి. చెరువు, వంక, బురద నేల, మెట్ట నేల గుర్తించండి. వరద వస్తే ఏ దారిన ఏ బండి పోగలదో, ఏ దారిన ఏదీ పోలేదో రంగులతో చూపండి. ఆ పటాన్ని మీ తరగతి గోడకు అంటించండి.