కాటు లేని జీవి, ఘాటైన కాపు

1955లో ఉరుగ్వే శాస్త్రవేత్తలు క్లెమెంటే ఎస్తాబ్లే, మరియా ఇసబెల్ అర్దావో, వారి సహచరులు బ్యాక్టీరియాను అణిచే ఒక కొత్త పదార్థం దొరికిందని ప్రకటించారు. పెన్సిలిన్‌లా అది బూజు నుంచి రాలేదు. ఎనిమిది కాళ్ళ చిన్న జీవిని కదిలిస్తే దాని ఒంటి పక్కల నుంచి ఊరే ఘాటైన ద్రవంలో దొరికింది. ఆ పదార్థానికి గోనిలెప్టిడిన్ అని పేరు పెట్టారు. మరుసటి ఏడాది హార్వర్డ్ రసాయన శాస్త్రవేత్త లూయిస్ ఫీజర్, అర్దావో కలిసి దాని గుట్టు విప్పారు. అది ఒకటి కాదు, బెంజోక్వినోన్లనే రసాయనాల మిశ్రమం.

ఆ జీవి పేరు హార్వెస్ట్‌మన్. చూడగానే సాలీడు అనుకుంటాం గానీ కాదు. సాలీడుకు సన్నని నడుము ఉంటుంది, దీని ఒళ్ళంతా ఒకే ముద్ద. మన ఇళ్ళ మూలల్లో వేలాడే పొడుగు కాళ్ళవి నిజంగా సాలీళ్ళే, వాటికి పట్టు ఉంది, విషమూ ఉంది. హార్వెస్ట్‌మన్‌కు ఆ రెండూ లేవు. అయినా వీటిలో 6,500కు పైగా జాతులు లోకమంతా బతుకుతున్నాయి. చీమలు, కప్పలు, పక్షులు కాచుకుని ఉండే అడవి నేల మీద విషం లేని ఈ చిన్న జీవి ఎలా నిలబడింది? కాలు పట్టుకుంటే కాలు వదిలేసి పారిపోవడం, చచ్చినట్టు పడి ఉండటం లాంటి ఉపాయాలు దానికి ఉన్నాయి. వాటన్నిటికంటే నాకు గొప్పగా తోచేది దాని రసాయన శాస్త్రం.

ఒంటి ముందు భాగంలో, కాళ్ళ మొదళ్ళకు దగ్గరగా, రెండు పక్కలా చెరొక గ్రంథి ఉంటుంది. హార్వెస్ట్‌మన్ల వర్గమంతటికీ ఇది ఉమ్మడి గుర్తు. గ్రంథి అందరికీ ఒకటే అయినా అందులో నింపుకునే సరుకు మాత్రం వంశాన్ని బట్టి మారుతుంది. ఉత్తర అమెరికా తోటల్లో తిరిగే లియోబునమ్ జాతులు కొన్ని తేలిగ్గా ఆవిరయ్యే కీటోన్లను తయారు చేస్తాయి. వాటిలో ఒకటైన 4-మిథైల్-3-హెప్టనోన్‌ను కొన్ని చీమలు తోటి చీమలకు అపాయం తెలిపే సంకేతంగా వాడతాయి. దక్షిణ అమెరికాలోని గట్టి పెంకు జాతులు ఎక్కువగా ఫీనాళ్ళను, బెంజోక్వినోన్లను నమ్ముకున్నాయి. యూరప్‌లోని కొన్ని జాతులు నాఫ్తోక్వినోన్లను దాచుకుంటాయి. ఈ చివరి కుటుంబం మనకు కొత్త కాదు. గోరింటాకు ఎరుపునిచ్చే లాసోన్ నాఫ్తోక్వినోనే. చిత్రమూలం వేరు చర్మానికి తగిలితే బొబ్బలెక్కించే ప్లంబాజిన్ కూడా అదే కుటుంబం. క్వినోన్లకు ప్రొటీన్లను పట్టుకునే గుణం ఉంది. గోరింటాకు చేతికి పండేదీ, చిన్న వేటగాడి నోరు మండేదీ ఆ గుణం వల్లే.

అసలు నేర్పు ఆ ద్రవాన్ని వాడే తీరులో ఉంది. క్వినోన్లు తయారు చేసుకోవడం ఊరికే అయ్యే పని కాదు, ఒంట్లోని ఆహారం ఖర్చు కావాలి. పైగా వీటిలో కొన్ని శుద్ధ రూపంలో గది వేడిమికి గట్టిగా, స్ఫటికాలుగా ఉంటాయి. వాటిని ఒంటి మీద పారించాలంటే ఏదైనా ద్రవం తోడు కావాలి. కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ ఐస్నర్, ఉరుగ్వే పరిశోధకులతో కలిసి అకాంథోపాకిలస్ అక్యులియాటస్ అనే జాతిని పరిశీలించి 2004లో దాని పద్ధతిని వివరించారు. ఎవరైనా పట్టుకోగానే అది ముందు తన జీర్ణనాళంలోని ద్రవాన్ని నోటి గుండా కక్కుతుంది. ఆ ద్రవం గ్రంథి దగ్గరికి చేరినప్పుడు అందులోకి కొద్దిపాటి క్వినోన్‌ను వదులుతుంది. కలిసిన ద్రవం ఒంటి పక్కల వెంట పాకి కాపు కాస్తుంది. నీటి వంతు కడుపుది, ఘాటు వంతు గ్రంథిది. గ్రంథి ఒక్కసారిగా ఖాళీ అయిపోదు కాబట్టి మరో దాడికీ సరుకు మిగులుతుంది.

ఐస్నర్ బృందమే 1971లో వోనోనెస్ సాయి అనే అమెరికా జాతిలో ఇంకా విచిత్రమైన సంగతి చూసింది. అది ఒంటి అంచున చేరిన ఆ మిశ్రమంలో ముందు కాళ్ళ కొసలు ముంచి, కరవడానికి వచ్చిన చీమలకు పూస్తుంది. చీమ ఏ పక్క నుంచి వస్తే ఆ పక్క కాలు లేస్తుంది. ఆయుధాన్ని చేతపట్టి గురి చూసి అంటించడం ఇంత చిన్న జీవిలో కనబడటం నన్ను ఇప్పటికీ అబ్బురపరుస్తుంది.

ఈ కాపు అందరినీ ఆపుతుందా? బ్రెజిల్‌కు చెందిన గ్లౌకో మషాడో బృందం అక్కడి గుహల్లో ఉండే ఒక జాతి స్రావంతో దీన్ని పరీక్షించి 2005లో ఫలితాలు ప్రచురించింది. ఏడు జాతుల చీమలు, వల కట్టకుండా తిరిగి వేటాడే రెండు జాతుల పెద్ద సాలీళ్ళు, ఒక జాతి కప్ప వెనక్కి తగ్గాయి. ఓపోసమ్ అనే సంచి జంతువు మాత్రం లెక్కచేయలేదు. రసాయన రక్షణ గురించి రాసేటప్పుడు ఈ ఓటమిని దాచకూడదు. క్వినోన్ అడ్డుకోవలసింది నిత్యం ఎదురయ్యే చీమలను, సాలీళ్ళను. వాటి విషయంలో అది పని చేస్తోంది.

ఇదే స్రావానికి రెండో ఉద్యోగం కూడా ఉంది. బ్రెజిల్‌లోని అట్లాంటిక్ అడవిలో పగలంతా గుంపులుగా కూర్చునే మరో జాతి మీద మషాడో, సహచరులు 2002లో ఒక ప్రయోగం ప్రచురించారు. కొన్ని గుంపుల దగ్గర ఆ జాతి స్రావాన్నే పెట్టారు, కొన్నిటి దగ్గర వట్టి నీళ్ళు. నీళ్ళకు దాదాపు ఏ గుంపూ కదలలేదు. స్రావం వాసన తగిలిన గుంపుల్లో ఎక్కువ భాగం చెదిరి పరుగెత్తాయి. గుంపు ఎంత పెద్దదైతే స్పందన అంత త్వరగా వచ్చింది. పొరుగు జీవిని ఏదో పట్టుకుందని ఆ వాసనే మిగతావాటికి చెబుతోంది. శత్రువును తరిమే పని ముందుగా మొదలై, ఆ తర్వాత తోటివాళ్ళు దాన్ని హెచ్చరికగా వాడుకోవడం అలవడి ఉంటుందని పరిశోధకుల ఊహ.