నీటి గీత మీద నాలుగు కళ్లు

ఎండ తగ్గిన వేళ చెరువు గట్టున నిలబడితే, రేవు పక్క నీడలో ఎవరో మిరియాలు చల్లి కలియబెట్టినట్టు నల్లటి చుక్కలు గిరగిరా తిరుగుతుంటాయి. రాయి వేస్తే చెల్లాచెదురవుతాయి. అంత గందరగోళంలోనూ ఒకదాన్నొకటి గుద్దుకోవడం అరుదే. కాసేపటికి మళ్లీ గుంపు కడతాయి. ఇవి గైరినిడే కుటుంబానికి చెందిన పెంకు పురుగులు. ప్రపంచం మొత్తం మీద వీటి జాతులు 700కు పైనే ఉన్నాయి. మన దేశంలో కనిపించే డైన్యూటస్ ఇండికస్ అందులో ఒకటి.

పొడుగు కాళ్ల మీద నిలబడి నీటిపై జారే పురుగు వేరు. అది నల్లికి చుట్టం, ఒళ్లు తడవనివ్వదు. ఇది సగం మునిగి సగం తేలి బతుకుతుంది. దీని ఒళ్లంతా ఆ సగం లెక్క ప్రకారమే తయారైంది.

కళ్లే చూడండి. తలకు అటూ ఇటూ ఉన్న ఒక్కో కన్ను రెండుగా విడిపోయి మొత్తం నాలుగయ్యాయి. పై జత నీటికి పైన ఉండి ఆకాశాన్ని చూస్తుంది, కింది జత నీళ్లలో ఉండి అడుగును చూస్తుంది. పైనుంచి పిట్ట వాలినా, కిందినుంచి చేప నోరు తెరిచినా ఒకేసారి తెలిసిపోతుంది.

చూపు చాలని చోట మీసాలు పనికొస్తాయి. పొట్టిగా, లావుగా ఉండే ఈ మీసాలు నీటి పైపొరను తాకుతూ ఉంటాయి. రెండో కణుపులో జాన్‌స్టన్ అవయవం అనే స్పర్శ యంత్రాంగం ఉంది. నీళ్లలో పడిన చీమ కాళ్లు కొట్టుకుంటే పుట్టే చిన్న అలను కూడా అది పట్టేస్తుంది. తను ఈదుతూ లేపిన అలలు అడ్డొచ్చిన వస్తువును తాకి వెనక్కి వస్తే వాటినీ పసిగడుతుందని పరిశోధకులు భావిస్తున్నారు.

ముందు కాళ్లు పొడుగ్గా ఉంటాయి, వాటి పని ఆహారాన్ని ఒడిసిపట్టుకోవడం. ఈతంతా మధ్య కాళ్లది, వెనక కాళ్లది. పొట్టిగా, పలచగా ఉండే ఈ తెడ్లు నీటిని నెట్టేటప్పుడు విసనకర్రలా విచ్చుకుంటాయి, ముందుకు తెచ్చుకునేటప్పుడు ముడుచుకుంటాయి. వెనక కాళ్లు సెకనుకు 50 సార్లకు పైగా ఆడగలవు. బెదిరితే పురుగు బుడుంగున మునుగుతుంది. రెక్కల పెంకుల కింద దాచిన గాలి తోక చివర వెండి బుడగలా మెరుస్తుంది. చెరువు ఎండితే ఆ పెంకులు తెరిచి మరో నీటికి ఎగిరిపోతుంది కూడా.

ఇంత బాహాటంగా నీటి మీద ఆడే పురుగును చేపలు తినేయవా అన్న సందేహం న్యాయమైనదే. జవాబు పొట్ట చివర ఉన్న గ్రంథుల్లో ఉంది. కొన్ని జాతులను పట్టుకుంటే చేతికి ఆపిల్ పండు వాసన అంటుకుంటుంది. అమెరికాలో వీటికి ఆపిల్ పురుగులనే పేరు కూడా ఉంది. నోట్లో వేసుకున్న చేపకు మాత్రం దక్కేది పండు రుచి కాదు. గ్రంథుల్లోంచి వచ్చే గైరినిడాల్ అనే పదార్థాన్ని 1972లో గుర్తించారు. కార్నెల్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త థామస్ ఐస్నర్ 2000లో సహచరుడితో కలిసి అసలు పోరాటం బయటపెట్టారు. బాస్ చేప పురుగును వెంటనే ఉమ్మేయదు. నోట్లో నీళ్లు పుక్కిలించి విషాన్ని కడిగేయాలని చూస్తుంది. పురుగు కూడా తక్కువది కాదు. ఉన్నదంతా ఒక్కసారి వదలకుండా కొద్దికొద్దిగా చిమ్ముతుంది. పుక్కిలించి పుక్కిలించి విసిగేది చివరికి చేపే.

పిల్ల దశలో ఈ ఆర్భాటం ఏమీ లేదు. సన్నగా, ఒంటి పక్కల ఈకల్లాంటి మొప్పలతో నీటి అడుగున పాకుతూ చిన్న జీవాలను వేటాడుతుంది. గొట్టంలాంటి కోరలతో వాటి రసం పీలుస్తుంది. ప్యూపాగా మారే వేళకు మాత్రం నీరు వదిలి ఒడ్డుకు చేరుతుంది.

గుంపులోనూ ఒక లెక్క ఉంది. చేపల దాడి ఎక్కువగా అంచుల మీదే, తిండి ముందు దొరికేదీ అక్కడే. అందుకే ఆకలిగా ఉన్నవి అంచులకు జరుగుతాయని అధ్యయనాల్లో తేలింది. ఈసారి చెరువు దగ్గర ఆ నల్ల గుంపు కనబడితే రాయి వేయకండి, కాసేపు బయటి వరసనే చూడండి.