నొప్పి మోకాలిది, వంకర బిళ్ళది

"ఆడపిల్లకి అంతేసి దూరం సైకిలెందుకమ్మా, మోకాళ్ళు అరిగిపోవూ?" అన్నారు మా అత్తగారు. నాకు జవాబు దొరకలేదు. అమ్మాయి నిజంగానే కుంటుతోంది మరి!

ప్రతి ఆదివారం తెల్లారేసరికి నెల్లూరులో బయల్దేరి మైపాడు సముద్రం దాకా తొక్కి వస్తుంది మా అమ్మాయి. దానికి పాతకాలం రేసు బూట్లంటే మోజు. నల్లతోలు, లేసులు, అడుగున తోలు అట్ట. ఆ అట్టకి మేకులతో కొట్టిన చిన్న బిళ్ళే 'క్లీటు'. దాని గాడి పెడలు అంచు మీద కూర్చుంటుంది. పైన తోలుపట్టీ బిగిస్తే ఇక పాదం జారదు. 1984లో ఫ్రాన్సులో లుక్ కంపెనీ పట్టీ అక్కర్లేని పెడళ్ళు తెచ్చింది. మరుసటేడు బెర్నార్ హీనో వాటితోనే టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు. దాంతో ఈ మేకుల బిళ్ళలు మెల్లగా మూలపడ్డాయి.

సముద్రపు గాలికి, తడి ఇసుకకి మేకులు తుప్పుపట్టి ఎడమ బిళ్ళ ఊడింది. అమ్మాయే సుత్తి తీసుకుని కంటి అంచనాతో కొట్టేసుకుంది. వారం తిరక్కుండా మోకాలి నొప్పి!

మా వీధి చివర చెప్పులు కుట్టే పెద్దాయన ఒకప్పుడు పోలీసు బూట్లకి లాడాలు కొట్టినాయన. బూట్లు తిరగేసి చూశాడు.

"ఏ కాలమ్మా నొప్పి?"

"ఎడమది తాతా."

"కాక! బిళ్ళ వంకర పోయుండాది. పాదం ఒక పక్కకి, మోకాలు ఇంకో పక్కకి లాగతా ఉంటే నొప్పి రాకేం జేస్తది?"

బిళ్ళ పీకేశాడు. నాలుగు రోజులు ఉత్త బూట్లతో, పట్టీ వదులుగా పెట్టుకుని తొక్కి రమ్మన్నాడు. పెడలు అంచు అట్ట మీద గీతలా అచ్చు పడింది. పాదం తనంతట తాను నిలబడే చోటది. గాడి సరిగ్గా ఆ గీత మీదికి వచ్చేట్టు బిళ్ళ పెట్టాడు. పాత చిల్లుల్లో మేకు నిలవదని వాటిని వెదురు పుల్లలతో, జిగురుతో పూడ్చి, పక్కన కొత్త మేకులు దించాడు. బూటుని ఇనుప దిమ్మ మీద బోర్లించి కొడితే మొనలు లోపల మడత పడతాయి. ఆ తర్వాత లోపల వేలు పెట్టి తడిమి చూడమన్నాడు నన్ను. ఒక్క మొన లేచి ఉన్నా అరికాలికి గుచ్చుకుంటుందిగా!

సీటు ఎత్తు కుదరకపోయినా మోకాలు నొప్పి పుడుతుందట, అదీ చూసుకున్నాం. ఇప్పుడు సముద్రం నుంచి రాగానే బూట్లు పొడిగుడ్డతో తుడిచి, మేకుల తలలకి రవ్వంత గ్రీజు రాయడం దాని పని. ఆగేముందు పట్టీ వదులు చేసుకోమని గుమ్మంలోంచి కేకెయ్యడం నా పని. మర్చిపోతే సైకిలుతో సహా పక్కకి ఒరగడమే!

అత్తగారు మోకాళ్ళ మాట మానేశారు. పిల్ల ఎండకి నల్లబడిపోతోందని మొదలుపెట్టారు.