ఘనీభవించిన వీర్యమును కరగించుటలో జాగ్రత్త

ఎదకు వచ్చిన ఆవునకు కృత్రిమ గర్భధారణము చేయించిన 21 దినములకు మరల ఎద కనబడినచో, కర్షకుడు పశువునో ఆంబోతునో నిందించుట పరిపాటి. దోషము ఆ రెంటియందును లేక, సన్నని గొట్టములోని వీర్యకణములకు కలిగిన హానియే కారణము కావచ్చును. ఒక ఎద తప్పిన మూడు వారముల మేత వృథా యగును; ఈతయు పాడియు వెనుకబడును. కావున ఈ విషయమును సభ్యులకు విన్నవించుచున్నాము.

వీర్యకణమునకు తల, నడుము, తోక గలవు. తలపై టోపీ వంటి సన్నని సంచి యొకటి యుండును. దీనిని ఆక్రోసోము అందురు. అండము పైపొరను కరగించి లోనికి బోవుటకు వలయు రసములు దీనియందే యున్నవి. నడుమునుండి తోకకు శక్తి లభించును. కణమునంతను పలుచని పొర కప్పియుండును.

చలి సోకగానే ఆ పొరలోని క్రొవ్వు, శీతకాలపు నేయివలె, బిగిసికొనును. పిమ్మట వెలుపలి నీరు మంచుగా మారగా, మిగిలిన ద్రవమున లవణములు చిక్కబడి కణములోని నీటిని వెలికి లాగును. మిక్కిలి మెల్లగా చల్లబరచినచో కణము ఎండిపోవును. మిక్కిలి త్వరగా చల్లబరచినచో లోపలనే మంచుపలుకు లేర్పడి పొరలను చీల్చును. గ్లిసరాల్ ఈ హానిని తగ్గించునని 1949లో ఇంగ్లండునందు పోల్జ్, స్మిత్, పార్క్స్ అను శాస్త్రజ్ఞులు కోడిపుంజు వీర్యముతో నిరూపించిరి. పచ్చసొన చలిదెబ్బనుండి పొరను కాపాడును. ఐనను కరగిన పిమ్మట అనేక కణములు నశించుచునే యున్నవి. గేదెజాతి వీర్యమున కీ హాని మరింత యెక్కువ.

తోక యాడుచున్నంత మాత్రమున కణము నిర్దోషమని తలపరాదు. టోపీ చెడిన కణము ఈదగలదు గాని అండమున ప్రవేశింపజాలదు.

గొట్టములు −196 డిగ్రీల సెంటీగ్రేడు గల ద్రవ నత్రజనిలో నుండవలెను. పాత్ర మూతికడకు ఎత్తి జాగు చేసినచో మంచుపలుకులు పెద్దవగును; మరల ముంచినను ఆ హాని తొలగదు. కరగించుటకు 37 డిగ్రీల నీటిలో 30 సెకండ్లుంచుట పద్ధతి. అరచేత రుద్దినను, జేబులో నుంచినను, చన్నీట వైచినను మెల్లగా కరగుటచే మంచుపలుకులు మరల పెరుగును. మిక్కిలి వేడినీరు కణములను చంపును. గొట్టముపై తడిని చక్కగా తుడిచి, ఎండ తగులనీయక, వెంటనే ఉపయోగింపవలెను. ఒకసారి కరగినదానిని మరల గడ్డకట్టింపరాదు.

కావున పశువును కట్టి యుంచుటతోనే మన పని తీరదు. గోరువెచ్చని నీరు, థర్మామీటరు, గడియారము సిద్ధపరచి, నీటి వేడిని చూచిన పిమ్మటనే గొట్టమును తీయుమని కోరుటకు సభ్యులు సంకోచింపవలదు.